చెరువులో నాటు చేపలు మళ్లీ పుట్టాలంటే ఊరు ఏం చేయాలి

"ఏటా చేప పిల్లలు పోస్తనే ఉన్నరు. మరి కొర్రమీను ఎటు పోయింది?" వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు మత్స్య సంఘాల వాళ్లు, చెరువు కింది రైతులు మాటలు మార్చి అడిగేది ఇదే. జవాబు చిన్నది. బొచ్చె, రవ్వు, మ్రిగాల నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద నీరు కావాలి, అందుకే వాటి పిల్లలను బయటి నుంచి తెచ్చి పోస్తాం. కొర్రమీను, మార్పు, జెల్ల, పరక లాంటి నాటు చేపలు అలా కాదు, చెరువులోనే పుట్టి పెరుగుతాయి. వాటికి పుట్టే చోటు ఉంటే చాలు. ఆ చోటును జేసీబీతో, కలుపు మందుతో, దోమతెర వలతో మనమే తీసేశాం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే అయినా చాలా చెరువుల్లో దాని ఎర్ర పిల్లల గుంపు కనబడి ఏళ్లయింది.

కింద చెప్పింది 10 నుంచి 50 ఎకరాల ఊరి చెరువుకు సరిపోతుంది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువులకు ఇదే పద్ధతి పనికొస్తుంది కానీ కొలతలు, అనుమతులు వేరు. ఎండాకాలం పూర్తిగా ఎండిపోయే కుంట అయితే 3వ పని కుదరనిదే మిగతావన్నీ వృథా.

ముందుగా సమకూర్చుకోవలసినవి

సంఘం తీర్మానం, పంచాయతీ తీర్మానం రెండూ కాగితం మీద ఉండాలి. మట్టి తీయాలంటే నీటిపారుదల శాఖ అనుమతి కావాలి. చేపల విషయం ఏదైనా మత్స్యశాఖ అధికారికి ముందే చెప్పండి. వెనక గొడవ వస్తే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మీ పక్కనే ఉంటుంది, అయితే కాగితం లేనివాడికి ఏ చట్టమూ అక్కరకు రాదు.

సామాను: వెదురు గడలు 30 దాకా, ఎర్ర గుడ్డ, కొబ్బరి తాడు, సర్కారు తుమ్మ కొమ్మలు, గుండ్రాళ్లు, జనపనార గోనెలు, 30 మీటర్ల టేపు, పీహెచ్ కాగితాలు, 20 సెంటీమీటర్ల అడ్డం ఉన్న గుండ్రటి ఇనుప రేకు ఒకటి, గట్టి అట్ట నోటుబుక్కు. నీళ్లలోకి దిగే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. థర్మాకోల్ తెప్ప మీద ఎన్నేళ్లుగా తిరిగిన చెయ్యయినా సరే, ముళ్లకొమ్మలు మోస్తూ తిరగబడితే ఈత పనికిరాదు.

1. ఒక పూట చెరువు చుట్టూ నడవండి

జనవరిలోనో ఫిబ్రవరిలోనో, యాసంగి నీళ్లు సగం వదిలాక నడవండి. వెంట ఇద్దరు ముసలి వేటగాళ్లు, తూము చూసుకునే నీరటి ఉండాలి. తెల్లకాగితం మీద కట్ట, తూము, మత్తడి (అలుగు), చెరువులోకి వచ్చే ఒర్రెలు, మురుగు కలిసే చోటు, బర్లు దిగే రేవు, బతుకమ్మ ఆడే చోటు గీయండి. తరువాత ఒక్కటే అడగండి: "పాతరోజుల్ల ఎర్ర పిల్లల గుంపు ఎక్కడ కనబడేది?" దాదాపు ప్రతి చెరువులో చెయ్యి ఒకే వైపు చూపిస్తుంది. శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా నీళ్లు పలచబడే అంచున, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా, తుంగ, జమ్ము, కలువ ఉన్న మూల. ఆ మూలకు గీత గీయండి.

2. ఆ మూలను మూసేయండి

అన్నింటికన్నా తక్కువ ఖర్చు పని ఇదే, ఎక్కువ తగువు పని కూడా ఇదే. చెరువు నిండు విస్తీర్ణంలో పదో వంతు చాలు. 20 ఎకరాల చెరువుకు 2 ఎకరాలు. శిఖం వైపు లోతు తక్కువ మూల నుంచి మొదలై, ఒక పాయ లోతట్టు మడుగు దాకా సాగాలి. గుడ్డు పెట్టే చోటు ఒకవైపు, ఎండాకాలం తలదాచుకునే చోటు ఇంకోవైపు ఉండి, మధ్యలో వలలు ఉంటే మూసినా మూయనట్టే.

సరిహద్దుకు 15–20 మీటర్లకొక వెదురు గడ పాతి, పైన ఎర్ర గుడ్డ కట్టండి. నీళ్లు నిండాక కూడా గడ పైన మీటరు కనబడాలి. డప్పు చాటింపు వేయించండి, జరిమానా ఎంతో చాటింపులోనే చెప్పించండి. జరిమానా మొత్తం పెద్దదిగా ఉండక్కరలేదు, మొదటి తప్పుకు తప్పకుండా వసూలైతే చాలు. మొదటిసారి మన అన్నదమ్ముడని వదిలేసిన ఊళ్లో రెండో నెలకు గడలు కూడా మిగలవు.

సంఘం ఏడాదంతా మూయడానికి ఒప్పుకోకపోతే, జూన్ మొదటి వారం నుంచి సెప్టెంబరు చివరి దాకా మాత్రమే మూయండి. ఫలితం తగ్గుతుంది కానీ ఉంటుంది. ఆ నాలుగు నెలలు చూశాక ఏడాదంతా మూద్దామని సంఘంలోనే ఎవరో ఒకరు అంటారు.

సముద్రపు దీవుల్లో పగడపు దిబ్బలను కాపాడుకునే వాళ్లు చేసేదీ ఇదే. ఫిలిప్పీన్స్‌లోని ఆపో దీవి జాలరులు 1980లలో తమ పగడపు దిబ్బల్లో ఒక ముక్కను వేటకు మూసేశారు. మూసిన ముక్కలో పెరిగిన చేప బయటి వలల్లోకీ వచ్చింది. పగడం మన దగ్గర లేదు, కానీ లెక్క అదే: తల్లి చేపను ఒక చోట బతకనిస్తే, దాని పిల్లలు మీరు వల వేసే చోటికే వస్తాయి.

3. ఎండాకాలానికి మడుగు మిగల్చండి

తల్లి చేప మే నెల దాటకపోతే జూన్‌లో గుడ్డు లేదు. తూము పూర్తిగా ఎత్తి చివరి చుక్క దాకా వదిలే అలవాటుకు ఆయకట్టు రైతులతో కలిసి ఒక గుర్తు పెట్టుకోవాలి. తూము రాయి మీద ఎర్ర రంగు గీత గీయండి, నీళ్లు దాని కిందికి దిగాక తూము దించేయాలి. గీత ఎక్కడ పెట్టాలో మడుగు లోతును బట్టి తేలుతుంది. ఏప్రిల్ చివర మడుగులో కనీసం మీటరున్నర నీరు నిలవాలి. ఎండకు ఆవిరయ్యేదే చాలా ఉంటుంది, అందుకే మార్చిలో రెండున్నర మీటర్లు చూసుకోండి.

పూడిక తీయిస్తుంటే ఇదే అదను. అయితే ఎక్కువ చెరువులు చెడింది కూడా పూడికతీతలోనే. 46 వేలకు పైగా చెరువులను బాగు చేయాలని మిషన్ కాకతీయ 2015లో మొదలైంది. మట్టి ఎంత తీశారన్నది అందరూ రాసుకున్నారు, ఎక్కడ తీయకుండా ఆపారన్నది ఎవరూ రాసుకోలేదు. ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

చెరువంతా పళ్లెంలా చదును చేయొద్దు. శిఖం వైపు మూలలో వేళ్లూ దుంపలూ ఉన్న మట్టిని ముట్టనేవద్దు. అక్కడ ఒక్క మొక్క లేకుండా గీకేస్తే ఆ చోటు తిరిగి కోలుకోవడానికి మూడు నాలుగు వానాకాలాలు పడుతుంది.

కట్ట అడుగు నుంచి 10–15 మీటర్లు వదిలి తవ్వండి. ఇంజనీరు అంతకన్నా ఎక్కువ చెబితే అదే పట్టండి.

నల్ల పూడిక అయిపోయి గట్టి మొరమో ఇసుకో తగిలితే ఆగండి. కింది బంకమట్టి పొర పగిలిందంటే నీళ్లు ఇంకిపోతాయి, మడుగు మార్చిలోనే ఎండుతుంది. మొరం కోసం, ఇటుక బట్టీల కోసం వచ్చే ట్రాక్టర్లు ఆగవు. వాళ్లకు చెప్పాల్సింది తవ్వే రోజే, మరునాడు చెబితే గుంత అప్పటికే పడి ఉంటుంది.

మడుగు పక్కలు నిటారుగా కోయొద్దు. మీటరు లోతుకు రెండు మూడు మీటర్ల వాలు ఉండాలి. నిటారు గోడ మనిషికీ పశువుకూ ప్రాణం మీదికి తెస్తుంది. చేపకూ అంచు మిగలదు.

తీసిన పూడిక చెలకల్లోకి పోతుంది, మంచిదే. చెరువులో ప్లాస్టిక్ కవర్లు, గాజు పెంకులు కలిసిన మట్టి మాత్రం ఎవరి పొలంలోనూ వేయొద్దు.

4. కొమ్మల గుట్టలు వేయండి

పిల్ల చేపకు కొంగ నుంచి, నీటికాకి నుంచి, పెద్ద చేప నుంచి తప్పించుకునే సందు కావాలి. మొక్కలు తిరిగి వచ్చేదాకా ఆ పని కొమ్మలు చేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గి, నడిచి పోయి పెట్టగలిగినప్పుడు వేయండి.

సర్కారు తుమ్మ కొమ్మలు మణికట్టు మందం, 2 మీటర్ల పొడవు కొట్టండి. రెండు వారాలు ఎండలో వేయండి. ఆకు రాలాలి. పచ్చి ఆకుతో ముంచితే అది కుళ్లి, ఆ గుట్ట చుట్టూ నీటిలో ఉన్న గాలి (ఆక్సిజన్) మొత్తం లాగేస్తుంది. 15–20 కొమ్మలు ఒక కట్ట. మధ్యలో, రెండు చివర్లా కొబ్బరి తాడుతో బిగించండి. నైలాన్ తాడు వద్దు, కొమ్మ కుళ్లిపోయినా తాడు మిగిలి చేపల మొప్పలకు, పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది. ఒక్కో కట్టకు 25–30 కిలోల గుండ్రాయి కట్టండి. ఎండిన కొమ్మ మొదటి పది రోజులు తేలుతుంది, బరువు తక్కువైతే గాలికి తూము దాకా కొట్టుకుపోతుంది.

ఐదు కట్టలు ఒక గుట్ట. మూసిన మూలలో ఎకరాకు రెండు మూడు గుట్టలు, ఒకదానికొకటి 10–15 మీటర్ల ఎడం. అక్టోబరులో నిండు నీటిలో ఆ చోట మీటరు నుంచి రెండు మీటర్ల లోతు ఉండాలి. తూముకు 30 మీటర్ల లోపల వేయొద్దు. బర్లు దిగే రేవు, పిల్లలు ఈతకు దూకే చోటు, విగ్రహాలు వేసే చోటు కూడా వద్దు. తుమ్మ ముల్లు నీళ్లలో రెండేళ్లు ఉన్నా ముల్లే. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది: దొంగతనంగా విసురు వల వేసినవాడి వల తిరిగి రాదు.

ఏడాదికి సగం గుట్టలే మార్చండి. అన్నీ ఒక్కసారి తీసి కొత్తవి వేస్తే, కొమ్మల మీద పట్టిన పాచి, పురుగు, నత్త అన్నీ పోతాయి. పిల్ల చేప తినేది దాన్నే.

మార్పు, జెల్ల దూరి దాక్కోవడానికి పగిలిన కుండలు, 15–20 సెంటీమీటర్ల సిమెంటు పైపు ముక్కలు గుట్ట పక్కన వేయండి. పాత టైర్లు మాత్రం వద్దు. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో 1970లలో చేపలకు ఆసరా అని లక్షల టైర్లు సముద్రంలో దింపారు. కట్లు తెగి టైర్లు కదిలి పక్కనున్న పగడాలనే నలిపేశాయి, దశాబ్దాలు గడిచినా వాటిని తీసే పని పూర్తి కాలేదు. నీలగిరి కొమ్మలు కూడా వేయొద్దు.

5. గుర్రపుడెక్క తీయండి, కానీ మొత్తం పచ్చదనం తీయొద్దు

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు రెండు కొసలది. కొందరు చెరువంతా గుర్రపుడెక్క కప్పినా చూస్తూ ఊరుకుంటారు, కొందరు తుంగ, కలువ, నాచు కలిపి మొత్తం గీకించేస్తారు.

గుర్రపుడెక్క అనుకూలమైన వేడిలో రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది, గింజలు బురదలో 15–20 ఏళ్లు బతికుంటాయి. పూత రాకముందే తీయాలి. గాలి ఏ ఒడ్డుకు తోస్తుందో చూసి ఆ ఒడ్డున నిలబడి లాగండి, కూలీ సగం తగ్గుతుంది. తీసినదాన్ని కట్ట మీద పడేయొద్దు, మొదటి వానకు తిరిగి చెరువులోకే జారుతుంది. కనీసం 50 మీటర్ల దూరం తీసుకెళ్లి, పశువుల పెంటతో కలిపి కుప్ప పోయండి. మురుగు కలిసే చెరువైతే ఆ ఎరువును కూరగాయలకు వాడొద్దు, చెట్లకు వేయండి.

కలుపు మందు కొట్టొద్దు. కొట్టిన పది రోజులకు పచ్చదనం చచ్చి మునుగుతుంది, అడుగున కుళ్లి నీటిలో గాలిని తినేస్తుంది, ఒక తెల్లవారుజామున చేపలన్నీ తేలతాయి. గడ్డి చేపను వదలడం కూడా ఇలాంటి తొందరపాటే. అది గుర్రపుడెక్కను పెద్దగా ముట్టదు, మీరు కాపాడాలనుకున్న మెత్తటి నాచునే ముందు తింటుంది. లొట్టపీసు మాత్రం వేళ్లతో సహా పెకిలించండి. కొమ్మ ముక్క తడి మట్టిలో మిగిలినా మళ్లీ చిగురిస్తుంది.

మూసిన మూల బోడిగా ఉంటే మొక్కలు పెట్టాలి. జూన్ చివర, నీళ్లు మెల్లగా ఎక్కుతున్నప్పుడు పక్క కుంట నుంచి తుంగ, కలువ దుంపలు తెచ్చి, బంకమట్టితో కలిపి జనపనార గోనె ముక్కలో చుట్టి, మీటరుకొకటి పాతండి. నీటి అంచు నుంచి మోకాలి లోతు దాకా, 3 మీటర్ల వెడల్పు పట్టీ చాలు. తామర ఒకసారి అంటుకుంటే చెరువంతా పాకుతుంది, దాన్ని మూడో వంతు దాటనీయొద్దు. మొదటి రెండు నెలలు బర్లు ఆ వైపు రాకుండా ముళ్లకంప వేయాలి. మొక్కలు చావడానికి పెద్ద కారణం ఇదే, నీళ్లు ఎక్కువో తక్కువో కావడం కాదు.

6. మురుగును గుంతలో నిలపండి

ఊరి మురుగు కాలువ చెరువులో నేరుగా కలుస్తుంటే పై పనులన్నీ సగం ఫలితమే ఇస్తాయి. 20 లీటర్ల బకెట్ పెట్టి నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి సగటు తీయండి. 40 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే సెకనుకు అర లీటరు, రోజుకు 43,200 లీటర్లు, అంటే 43 ఘనపు మీటర్లు. ఒక రోజు మురుగు నిలవాలంటే 8 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, మీటరు లోతు గుంత కావాలి. దాని తరువాత కంకర పరిచి జమ్ము, మెట్టతామర పెట్టిన కాలువ 10 మీటర్లు ఉంటే మంచిది. గుంత అడుగున చేరిన బురదను ఏడాదికొకసారి తీయకపోతే మూడో ఏటికి అదే పెద్ద మురుగు కుంట అవుతుంది.

మన వైపు ఇంకొకటి ఉంది: పత్తి చేను. మందు కొట్టిన పంపును చెరువులో కడగడం ఆపించండి. మందు దెబ్బ ముందు రొయ్యలకు, పరక పిల్లలకు తగులుతుంది. ఒడ్డున చిన్నవి మాత్రమే చచ్చి కనబడితే ఎగువ ఎవరి చేలో మందు కొట్టారో ముందు వాకబు చేయండి.

వినాయకులకు వేరే గుంత తవ్వించండి. ప్లాస్టర్ విగ్రహం నెలలు గడిచినా కరగదు, రంగులు అడుగున చేరతాయి. బతుకమ్మ పూల జోలికి పోవాల్సిన పని లేదు. తంగేడు, గునుగు కుళ్లినా ఒకచోట కుప్ప కాకుండా చూస్తే చాలు, మరునాడు పొద్దున పైపైన ఏరి ఒడ్డుకు వేయండి, ప్లాస్టిక్ పళ్లేలు ఏరండి.

7. ఎదురెక్కే చేపను వదలండి

మిర్గం పడి మొదటి గట్టి వాన కురిసి ఒర్రె పారితే, చేప ప్రవాహానికి ఎదురెక్కుతుంది. ఆ రాత్రి ఒర్రెల్లో, మత్తడి కింద గోనెలతో, దోమతెరలతో, చేతులతో పట్టిన చేపల్లో ఎక్కువ భాగం నిండు కడుపువే. మృగశిర కార్తె నాడు చేప తినాలన్న ఆనవాయితీ సరిగ్గా అప్పుడే వస్తుంది. ఆనవాయితీని మాన్పించలేం, మాన్పించనక్కరలేదు కూడా. ఆ రోజుకు బొచ్చె, రవ్వు అమ్మండి. అవి చెరువులో గుడ్డు పెట్టేవి కావు కదా. నాటు చేప ఆ వారం అమ్మొద్దు.

మత్తడి దుంకే రోజుల్లో చేప బయటికి పోతుందని జాలి కడతారు. ఇక్కడ జాగ్రత్త. సన్న వల కట్టితే చెత్త పట్టి మత్తడి మూసుకుంటుంది, నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి. చేపల కోసం కట్ట తెంపుకున్నట్టవుతుంది. నిలువు ఇనుప ఊచలు 3–4 సెంటీమీటర్ల సందుతో పెట్టండి, వాన పడుతున్నంతసేపు ఇద్దరు కాపలా ఉండి చెత్త లాగాలి. కాపలా పెట్టలేకపోతే జాలి అసలు కట్టొద్దు, కొన్ని చేపలు పోతే పోనీయండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా నీటి పైన ఎర్రటి, నారింజ రంగు పిల్లల గుంపు అటూ ఇటూ కదులుతుంటే అది కొర్రమీను సంసారం. గుడ్లు నీటి మీద తేలుతూ ఒకటి ఒకటిన్నర రోజుల్లో పొదుగుతాయి. తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి, నెల దాకా పిల్లలను వదలవు. గుంపు కింద గాలం వేస్తే కాపలా ఉన్నది కొరుకుతుంది, అందుకే దాన్ని పట్టడం తేలిక. దాన్ని తీసిన గంటలో పిల్లలను పరకలూ జిలేబీ చేపలూ (తిలాపియా) మేసేస్తాయి. ఒక్క చేప కూరకు గుంపంతా పోయినట్టే. చాటింపులో ఈ ఒక్క మాట తప్పక చెప్పించండి. పిల్లలు నల్లబడి చెదిరిపోయాక అవి ఎవరి వలలో పడ్డా మీకు పట్టింపు అక్కరలేదు.

కరెంటు పెట్టడం, మందు కలపడం, క్వారీ తూటాలు పేల్చడం గురించి వేరే చెప్పక్కరలేదు. పట్టుబడితే పోలీసు కేసే, జరిమానాతో సరిపెట్టొద్దు.

8. పిల్లలు పోస్తే ఎలా పోయాలి

"కొర్రమీను పెరిగితే మా రవ్వు పిల్లలను తింటది" అన్నది సంఘాల భయం. నిజమే, తింటుంది. సగం వేలంత పిల్లలు పోస్తే తింటుంది. 80–100 మిల్లీమీటర్ల పిల్లలు పోయండి, లేదా 35–40 మిల్లీమీటర్లవి వస్తే హాపా (నీళ్లలో కట్టే సన్న వల గూడు) కట్టి, అందులో రెండు నెలలు పెంచి వదలండి. చిన్నవి చవక అని నేరుగా పోసి, నెల తరువాత వలలో ఏమీ లేదని కొర్రమీనును తిట్టడం న్యాయం కాదు.

సంచిని విప్పకముందు 15–20 నిమిషాలు చెరువు నీటిలో తేలనివ్వండి. తరువాత చెరువు నీటిని కొంచెం కొంచెంగా సంచిలోకి పోస్తూ ఇంకో పది నిమిషాలు ఆగి, పిల్లలు తమంతట తాము ఈదుకుంటూ బయటికి పోయేలా వంచండి. ఒడ్డు నుంచి విసిరేయడం, మధ్యాహ్నం ఎండలో ఫోటోల కోసం ఆపడం రెండూ పిల్లలను చంపేవే. పొద్దున 8 లోపల, లేదా సాయంత్రం 5 దాటాక.

వచ్చిన సంచుల్లో రెండు మూడింటిని పళ్లెంలో పోసి చూడండి. గీతలున్న చిన్న జిలేబీ పిల్లలు కలిసి ఉంటే ఆ లోడు దించుకోవద్దు.

9. పరాయి చేపలు

జిలేబీ చేప మన దేశానికి 1952లో వచ్చింది, ఇప్పుడు దాన్ని ఏ చెరువు నుంచీ పూర్తిగా తీయలేం. వల వేసి తీసి తినడమే మందు. పెరిగిన కొర్రమీను దాని పిల్లలను తింటుంది కాబట్టి 2వ పని ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచడం నిషేధం. కిలోలకు కిలోలు పెరుగుతుంది, ఒళ్లంతా మబ్బు మచ్చలు ఉంటాయి. వలలో పడితే తిరిగి నీటిలో వేయొద్దు. గట్టున పడేసినా గాలి పీల్చుకుంటూ పాకి పోతుంది, కాబట్టి చంపి పాతిపెట్టండి. కోళ్ల వ్యర్థాలు చెరువులో పోస్తున్నారంటే ఎక్కడో దగ్గర్లో దీన్ని పెంచుతున్నారని అనుమానించండి. అక్వేరియం నుంచి పారేసిన సక్కర్ చేప గట్టి పొలుసులతో వల చింపుతుంది, కట్ట వాలులో బొరియలు తవ్వుతుంది. ఒకటి కనబడితే మత్స్యశాఖకు చెప్పండి.

లెక్క చూసుకోవడం

మొదట రేకు. గుండ్రటి రేకును నాలుగు ముక్కలుగా నలుపు, తెలుపు రంగులు వేసి, అడుగున బరువు, పైన 5 సెంటీమీటర్లకొక ముడి వేసిన తాడు కట్టండి. పొద్దున 10, 11 మధ్య నీడ పడే వైపు దించి, కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు రాసి సగటు తీయండి. 25–40 సెంటీమీటర్లు మంచిది. 20 లోపు వస్తే నీటిని గాజు గ్లాసులో ఒక రాత్రి ఉంచండి. అడుగున మట్టి తేరితే ఎగువ నుంచి మట్టి కొట్టుకొస్తున్నది. తేరకుండా పచ్చగానే ఉంటే ఎరువో మురుగో ఎక్కువైంది, ఆ వారం మబ్బు పట్టకుండా కోరుకోండి. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే సున్నం జోలికి పోవద్దు. సాగునీటి చెరువులో అలవాటుగా సున్నం చల్లడం దండగ.

రెండోది నడక లెక్క. శిఖం ఒడ్డున 200 మీటర్లు కొలిచి రెండు రాళ్లు పాతండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వారానికొకసారి, అదే మనిషి, పొద్దున 7 గంటలకు నడిచి ఎన్ని ఎర్ర గుంపులు కనబడ్డాయో రాయాలి. చోటు మార్చినా, మనిషి మారినా పోయినేటి లెక్కతో పోల్చలేం. మొదటి ఏడు ఒక్కటి కనబడినా నిరాశ అక్కరలేదు. మూడోది ఎండాకాలం మడుగులో ఒకే సైజు వల ఒక్కసారి వేసి, ఏయే నాటు చేప ఎన్ని వచ్చాయో రాసుకుని తిరిగి వదలడం. మే మొదటి వారంలో, తెల్లవారకముందే చేయండి, నీళ్లు వేడెక్కాక వద్దు.

చేపలు నోళ్లు తెరిచి పైకి వస్తే

రెండు మూడు రోజులు ముసురు పట్టి, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు ఆడిస్తుంటే నీటిలో గాలి తగ్గింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. కొర్రమీను, మార్పు ఎప్పుడూ పైకి వచ్చి గాలి మింగేవే, వాటిని చూసి కంగారు పడొద్దు. రవ్వు, బొచ్చె, పరక పైకి వస్తేనే ప్రమాదం. వెంటనే పెంట, దాణా ఆపండి. కాలువ నీరుంటే వదలండి. లేదంటే రెండు మూడు మోటార్లు పెట్టి చెరువు నీటినే పైకి చిమ్మి మళ్లీ చెరువులోనే పడనివ్వండి, ఎండ పైకి వచ్చేదాకా. చచ్చిన చేపను ఆ రోజే తీసి పాతాలి. అమ్మొద్దు.

రెండేళ్లయినా ఎర్ర గుంపు కనబడకపోతే

తల్లి చేప అసలు మిగలలేదన్నమాట. అప్పుడు మాత్రమే బయటి నుంచి తెండి. అదే వాగు మీదున్న ఎగువ చెరువు నుంచో దిగువ చెరువు నుంచో, మే చివర, 500–800 గ్రాముల కొర్రమీనులు 20–30 తెండి. విడి రోజుల్లో ఆడా మగా గుర్తు పట్టడం కష్టం, అందుకే అన్ని తేవడం. ఒంటి మీద ఎర్ర పుండు ఉన్నది ఒక్కటి కూడా వద్దు, ఆ పుండు రోగం చెరువంతా అంటుకుంటుంది. మూత బిగించిన డ్రమ్ములో, చేప మునిగేంత నీటితోనే తీసుకురండి. మూత లేకపోతే దూకుతుంది. ఎండలో ఆపొద్దు. వదిలేముందు 10 లీటర్ల నీళ్లలో 200–300 గ్రాముల దొడ్డుప్పు కలిపి, ఒక్కో చేపను ఒకటి రెండు నిమిషాలు ముంచండి. చేప పక్కకు ఒరిగితే వెంటనే మంచి నీళ్లలోకి తీయాలి. పొద్దుగూకాక, మూసిన మూలలోనే, కొమ్మల గుట్ట పక్కన ఒక్కొక్కటిగా వదలండి. ఆ వానాకాలం అంతా ఆ మూలకు రాత్రి కాపలా ఉండాలి, ఎందుకంటే కొర్రమీను తెచ్చారన్న సంగతి చేప కన్నా ముందే ఊరు దాటిపోతుంది.